డిఫెండర్ ఉత్తి బొమ్మేనా? ఒక యాంటీవైరస్ ఫార్వర్డ్‌కు జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతోంది. గ్రూపుకో రూపంలో కనిపించినా సారం ఒకటే. విండోస్‌తో ఊరికే వచ్చే డిఫెండర్ ఉత్తి బొమ్మ, డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనకపోతే బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందట. నెట్ నుంచి వచ్చే కనెక్షన్లను వడకట్టే ఫైర్‌వాల్ విడిగా వేసుకోవాలట. వీలైతే రెండు యాంటీవైరస్‌లు పెట్టుకుంటే డబుల్ సేఫ్టీ అట. మంచిదొకటి కొన్నాక ఇక విండోస్ అప్‌డేట్లతో పనిలేదు, ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి దించుకున్నా టెన్షన్ ఉండదట. కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు షాపు కౌంటర్ దగ్గర వినిపించేదీ ఇంచుమించు ఇదే పాట. కాకపోతే అక్కడ ఆ పాటకు బిల్లులో ఒక లైను పెరుగుతుంది.

ఇందులో ఒకప్పుడు నిజమై ఇప్పుడు కానివి కొన్ని, ఎప్పుడూ నిజం కానివి కొన్ని ఉన్నాయి. చివరి రెండు మాటలు మాత్రం నిజంగా ప్రమాదం. చుట్టాల ఇళ్లలో, తెలిసినవాళ్ల షాపుల్లో మొరాయించిన కంప్యూటర్లు తిరిగి తిరిగి నా ముందుకే వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం యాంటీవైరస్ లేక పాడైనవి కావు. ఉన్నదాన్ని యజమానే తన చేత్తో ఆపేస్తే పాడైనవి.

ముందు డిఫెండర్ సంగతి. దానికి చెడ్డపేరు ఊరికే రాలేదు. విండోస్ 7 కాలంలో డిఫెండర్ అన్న పేరుతో ఉన్నది మన వివరాలు దొంగచాటుగా సేకరించే స్పైవేర్‌ను మాత్రమే చూసేది, వైరస్‌ల జోలికి వెళ్లేది కాదు. వైరస్‌ల కోసం 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఒకటి ఇచ్చారు, దాన్ని విడిగా దించుకోవాలి. 2013 మొదట్లో జర్మనీలోని ఏవీ-టెస్ట్ అనే పరీక్షా సంస్థ దానికి సర్టిఫికెట్ ఇవ్వడానికే నిరాకరించింది. ఆ రోజుల్లో విడిగా యాంటీవైరస్ కొనమన్నవాళ్లు తప్పు చెప్పలేదు.

అయితే 2012లో వచ్చిన విండోస్ 8 నుంచే డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా మారింది, తర్వాతి ఏళ్లలో బాగా ముదిరింది. ఇదే ఏవీ-టెస్ట్ ఇప్పుడు గరిష్ఠంగా రక్షణకు 6, వేగానికి 6, అనవసరంగా అరవకుండా ఉన్నందుకు 6 చొప్పున మార్కులు వేస్తుంది. డబ్బు పెట్టి కొనే పెద్ద కంపెనీల ఉత్పత్తులతో సమానంగా డిఫెండర్ ఆ మార్కులు చాలాసార్లు తెచ్చుకుంటోంది. అలాగని లోపాలు లేవని కాదు. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారటివ్స్ పరీక్షల్లో రెండు బలహీనతలు మళ్లీ మళ్లీ కనబడతాయి. ఇంటర్నెట్ లేనప్పుడు దాని చూపు మందగిస్తుంది, ఎందుకంటే అనుమానం వచ్చిన ఫైలు గురించి అది మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి తేల్చుకుంటుంది. రెండోది, ఫైళ్లు కాపీ చేసేటప్పుడు, ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొందరు పోటీదారుల కంటే ఎక్కువ బరువు వేస్తుంది. నెట్ కనెక్షన్ లేకుండా రోజంతా పెన్‌డ్రైవ్‌ల మీదే నడిచే జిరాక్స్ షాపు కంప్యూటర్‌కైతే విడిగా ఒకటి కొనమనే నేనూ చెబుతాను. రోజూ వైఫైలో ఉండే ఇంటి ల్యాప్‌టాప్‌కు ఆ అవసరం కనబడదు.

రెండు యాంటీవైరస్‌ల మాటకు ఎక్కువ చర్చ అక్కర్లేదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. తెరిచిన ప్రతి ఫైలునూ ముందు నేను చూడాలంటే నేను చూడాలని రెండూ పోటీపడతాయి, మధ్యలో కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. అందుకే బయటి యాంటీవైరస్ ఒకటి వేయగానే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ గడువు తీరాక కూడా దాన్ని అలాగే ఉంచేస్తారు. కొత్త వైరస్‌ల సమాచారం అందని పాత కాపలాదారే కొన్నిసార్లు తలుపు దగ్గర కూర్చుని ఉంటాడన్నమాట. కొనే ఉద్దేశం లేకపోతే ఆ ట్రయల్‌ను తీసేసి, ఒకసారి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తిరిగి పనిలోకి వస్తుంది. అనుమానం వచ్చినప్పుడు రెండో అభిప్రాయం కావాలంటే, ఎప్పుడూ నడుస్తూ ఉండకుండా అడిగినప్పుడు మాత్రమే స్కాన్ చేసే ఉచిత టూల్స్ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆధ్వర్యంలో 2017 ఫిబ్రవరిలో మొదలైన సైబర్ స్వచ్ఛతా కేంద్రం వెబ్‌సైట్‌లోనూ అలాంటివి ఉచితంగా దొరుకుతాయి. ప్రభుత్వ సొమ్ముతో నడిచే ఈ సదుపాయం గురించి ఏ ఫార్వర్డ్‌లోనూ ఒక్క ముక్క కనబడదు.

ఇక ఫైర్‌వాల్. ఈ భయానికీ ఒక చరిత్ర ఉంది. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (నెట్‌వర్క్ ద్వారా తనంతట తాను పాకే వైరస్) వచ్చినప్పుడు వినియోగదారుడు ఏమీ నొక్కక్కర్లేదు, ఏమీ తెరవక్కర్లేదు. ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) వేయని విండోస్ ఎక్స్‌పీని నేరుగా ఇంటర్నెట్‌కు కలిపితే చాలు. కాసేపటికి తెర మీద చిన్న పెట్టె వచ్చి, 60 సెకన్లలో కంప్యూటర్ ఆగిపోతుందని లెక్కపెట్టడం మొదలుపెట్టేది. అప్పట్లో నెట్ సెంటర్లలో కూర్చున్నవాళ్లకు ఆ పెట్టె గుర్తుండే ఉంటుంది. ఎక్స్‌పీలో అప్పటికే ఒక ఫైర్‌వాల్ ఉంది, కానీ దాన్ని మామూలుగా ఆపి ఉంచేవారు. దెబ్బ తిన్నాక 2004 ఆగస్టులో సర్వీస్ ప్యాక్ 2తో దాన్ని మొదటి నుంచీ ఆన్‌లోనే ఉండేలా మార్చారు. అప్పటి నుంచి ప్రతి విండోస్‌లోనూ అంతే. బయటి నుంచి పిలవకుండా వచ్చే కనెక్షన్లను అది లోపలికి రానివ్వదు. పైగా ఈరోజు ఇంటి కంప్యూటర్ దాదాపు ఎప్పుడూ ఒక వైఫై రూటర్ వెనక ఉంటుంది. మన కంప్యూటర్ ముందుగా అడగని ట్రాఫిక్‌ను ఆ రూటరే గుమ్మం దగ్గర ఆపేస్తుంది. అంటే విడిగా ఏదీ కొనకముందే రెండు అడ్డుగోడలు ఉన్నట్టు.

“విండోస్ ఫైర్‌వాల్ లోపలికి వచ్చేదాన్నే ఆపుతుంది, బయటికి పోయేదాన్ని ఆపదు కదా” అని కొంచెం తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే, మామూలు సెట్టింగులో ఆపదు. విడిగా దొరికే కొన్ని ఫైర్‌వాల్‌లు ప్రతి ప్రోగ్రాం నెట్‌కు వెళ్లేటప్పుడు అనుమతి అడుగుతాయి. వినడానికి బాగుంది. వాడి చూస్తే మొదటి రోజే తెర నిండా ప్రశ్నలు: ఎస్‌వీసీ హోస్ట్ అనేది బయటికి వెళ్లాలంటోంది, పంపాలా వద్దా? అది విండోస్‌లోని భాగమే అని ఇంట్లో ఎంతమందికి తెలుస్తుంది? వద్దంటే అప్‌డేట్లు ఆగిపోతాయి, నెట్ రాదు. అలా ఒకటి రెండుసార్లు దెబ్బ తిన్నాక మనిషి చదవడం మానేసి ప్రతిదానికీ అలౌ కొట్టుకుంటూ పోతాడు, నిజమైన దొంగ వచ్చినప్పుడూ అదే బటన్ నొక్కుతాడు. నెట్‌వర్క్ పనులు చేసేవారికి అవి పనికొచ్చే సాధనాలే. హాల్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు వాడే కంప్యూటర్‌కు కావు. ఇంట్లో చేయాల్సింది ఇంతకంటే చిన్న పని. రైల్వే స్టేషన్‌లోనో హోటల్లోనో వైఫైకి కలిపినప్పుడు దాన్ని పబ్లిక్ నెట్‌వర్క్‌గా ఉంచండి. రూటర్ అడ్మిన్ పేజీకి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చండి.

అసలు తేల్చాల్సింది చివరి రెండు మాటలు: యాంటీవైరస్ ఉంటే అప్‌డేట్లు అక్కర్లేదు, క్రాక్‌లు (డబ్బు కట్టకుండా వాడేందుకు తాళం విరగ్గొట్టిన కాపీలు) వేసుకున్నా పర్వాలేదు.

అప్‌డేట్ల సంగతికి వానాక్రై చాలు. విండోస్‌లోని ఒక రంధ్రం గుండా దూరి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన రాన్సమ్‌వేర్ అది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలో ఆ రంధ్రం పూడ్చే ప్యాచ్ విడుదల చేసింది. మే 12న వానాక్రై విరుచుకుపడింది. మధ్యలో దాదాపు రెండు నెలలు గడువుంది. బ్రిటన్ ఆసుపత్రుల నుంచి మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్ల దాకా ఇరుక్కున్నాయి. ప్రపంచం మొత్తం మీద దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. ఆ ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్‌లోకి వానాక్రై ఆ దారిన దూరలేకపోయింది, అందులో ఏ కంపెనీ యాంటీవైరస్ ఉన్నా, అసలేదీ లేకపోయినా.

క్రాక్‌ల విషయం మన దగ్గర మరీ దారుణం. ఫొటోషాప్ క్రాక్, విండోస్ యాక్టివేటర్, పేజ్‌మేకర్ కాపీ అంటూ డీటీపీ షాపు నుంచి పెన్‌డ్రైవ్‌లో ఇంటికి వస్తాయి. వాటితో వచ్చే రీడ్‌మీ ఫైలు ఒకసారి ఓపిగ్గా చదవండి. మొదటి మెట్టు దాదాపు ఎప్పుడూ ఇదే: యాంటీవైరస్ ఆపేయండి. రెండో మెట్టు: ఈ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూజన్స్‌లో (యాంటీవైరస్ చూడకుండా వదిలేసేవాటి జాబితాలో) పెట్టండి. కొన్నిటిలో ఫైలు పాస్‌వర్డ్ వేసిన జిప్‌లో ఉంటుంది, పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంటుంది. అది మన సౌకర్యం కోసం కాదు, స్కానర్ లోపలికి చూడకుండా ఉండటం కోసం.

చేతికొచ్చిన ప్రతి కంప్యూటర్‌లోనూ నేను మొదట చూసేది ఈ ఎక్స్‌క్లూజన్స్ జాబితానే. విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అడుగుదాకా వెళ్తే కనిపిస్తుంది. అక్కడ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు చూశాను. సీ డ్రైవ్ మొత్తం ఉన్నదీ చూశాను. ఎవరో తమ్ముడు ఎప్పుడో ఆఫీస్ యాక్టివేట్ చేసిపెట్టి వెళ్లాడు, అంతే. పైన మాత్రం పచ్చ టిక్కు వెలుగుతూనే ఉంది. ఆ స్థితిలో ఎంత ఖరీదైనది కొన్నా ఒరిగేదేమీ లేదు, దాన్నీ ఇలాగే ఆపమని తర్వాతి రీడ్‌మీ చెబుతుంది, మనమూ ఆపుతాం.

ఇలా దూరేవాటిలో ఇళ్లను ఎక్కువగా పట్టి పీడించినది స్టాప్ లేదా డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం. పెద్ద కంపెనీల జోలికి పోకుండా క్రాక్‌ల కోసం వెతికేవాళ్ల మీదే బతికింది. పెళ్లి ఫొటో తెరవబోతే తెరుచుకోదు. ఫైలు పేరు చివర అర్థంలేని నాలుగు అక్షరాలు తగిలి ఉంటాయి. ప్రతి ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ ఉంటుంది. 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లో అయితే సగానికే ఇస్తాం అని. డిస్కౌంట్ కూడా! 2019 అక్టోబర్‌లో ఎమ్సీసాఫ్ట్ అనే సంస్థ అప్పటి 148 రూపాలకు విరుగుడు టూల్ ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత వచ్చినవాటిలో చాలావాటికి తాళంచెవి నేరస్థుల సర్వర్‌లోనే ఉండిపోయింది, ఆ ఫొటోలు పోయినట్టే.

బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుందన్న బెదిరింపుకు కూడా ఇక్కడే జవాబుంది. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు ఎత్తుకుపోయే దొంగ ప్రోగ్రాములు చాలావరకు ఈ క్రాక్‌ల దారిలోనే వస్తాయి. ఇక ఫోన్ చేసి నమ్మించి రిమోట్ యాప్ వేయించుకునే మోసగాడి విషయంలో యాంటీవైరస్ పెద్దగా చేసేదేమీ ఉండదు, ఎందుకంటే మనం వేసింది అసలైన రిమోట్ యాపే. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆ ఫార్వర్డ్‌లో ఈ నంబరు ఉండి ఉంటే కనీసం ఒక మంచి పని జరిగేది.

పేరున్న కంపెనీ అయితే నిశ్చింతగా ఉండొచ్చన్నది కూడా పూర్తిగా నిజం కాదు. అవాస్ట్ తన వినియోగదారులు ఏయే సైట్లు చూశారో ఆ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంటోందని 2020 జనవరిలో బయటపడింది. జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ అవాస్ట్ చేత కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. నార్టన్ 2021లో తన యాంటీవైరస్‌లోనే క్రిప్టో మైనింగ్ (కంప్యూటర్ శక్తితో డిజిటల్ కరెన్సీ సంపాదించే) సదుపాయం పెట్టి, వచ్చినదాంట్లో 15 శాతం కమీషన్ తీసుకుంది. అది వినియోగదారుడు ఒప్పుకుంటేనే నడిచేది, కానీ యాంటీవైరస్‌కు ఆ పని ఎందుకో! అన్నట్టు నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా ఇప్పుడు ఒకే కంపెనీ చేతిలో ఉన్నాయి. షాపు అద్దాల వెనక నాలుగు రంగుల డబ్బాలు కనిపిస్తే నాలుగు రకాలని అనుకోవద్దు.

తెర మూలన “మీ యాంటీవైరస్ గడువు తీరింది, 5 వైరస్‌లు దొరికాయి” అని వచ్చే హెచ్చరికల్లో చాలావాటికి యాంటీవైరస్‌తో సంబంధమే ఉండదు. ఎప్పుడో ఏదో సైటుకు నోటిఫికేషన్లు పంపుకోమని అలౌ కొట్టి ఉంటాం, అదే పంపుతోంది. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్‌కు వెళ్లి ఆ సైటు పేరు తీసేస్తే వైరస్‌లన్నీ మాయమవుతాయి.

మరి ఎవరు కొనాలి? నాలుగైదు పరికరాలకు కలిపి ఒకే చోట నియంత్రణ కావాలనుకునేవారు, పిల్లల మీద నిఘా సదుపాయం కావాల్సినవారు, సమస్య వస్తే ఫోన్ చేసి మాట్లాడటానికి ఎవరో ఒకరు ఉండాలనుకునే పెద్దవాళ్లు కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు. ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారటివ్స్ తాజా ఫలితాలు రెండూ చూసి కొనండి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకండి, రెన్యువల్ ధర చూడండి, ఆటో రెన్యువల్ ఆపుకోండి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. దాని మీదే ఉన్నవారు యాంటీవైరస్ కొనేసి ఊరుకుంటే వానాక్రై నాడు ప్యాచ్ వేసుకోని విండోస్ 7 వాళ్ల స్థితే. మైక్రోసాఫ్ట్ 2026 అక్టోబర్ 13 దాకా అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తోంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ సింక్ చేస్తే వాటికి రుసుము ఉండదు. అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు.

యాంటీవైరస్‌కు ఖర్చుపెడదామనుకున్న డబ్బు చేతిలో ఉంటే దానికి ఇంకొంత కలిపి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. ఫొటోలు, పత్రాలు అందులోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక కేబుల్ పీకి బీరువాలో పెట్టండి, కంప్యూటర్‌కు తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ వదలదు.