ఇందుమూలముగా రోగి ఒప్పుకొనునది ఏమనగా

ఒప్పందం అంటే ఇద్దరి మధ్య ఉండాలని పాతకాలపువాళ్లు అనుకునేవారు. తీరని నొప్పికి ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) మందు రాసేముందు రోగి చేత సంతకం పెట్టించే కాగితం ఆ చాదస్తాన్ని ఎప్పుడో వదిలించేసింది. ఒకే డాక్టరు, ఒకే మందుల షాపు. పోయిన మాత్రలకు బదులు ఇవ్వబడవు. పిలిచిన రోజున సీసాతో వచ్చి లెక్క అప్పజెప్పాలి. అడిగినప్పుడల్లా పరీక్షకు మూత్రం ఇవ్వాలి. డాక్టరు బాధ్యతలేమిటో చూద్దామని కాగితం తిప్పితే వెనకంతా పరమ పవిత్రమైన తెలుపు. మలబద్ధకానికి మందు రాస్తానని గానీ, ఊపిరి మందగిస్తే వాడటానికి నలోక్సోన్ ఇంట్లో ఉండేలా చూస్తానని గానీ ఆయన ఎక్కడా మాటివ్వలేదు.

అయినా ఈ కాగితం ఘనత తెలిసేది మూత్రం కప్పు దగ్గర.

రోగి భుజం మీద ఫెంటనిల్ అనే ఓపియాయిడ్ ప్యాచ్ ఉంది. రాసింది ఎదురుగా కూర్చున్న డాక్టరే. 72 గంటలకోసారి మార్చమన్నదీ ఆయనే. మూత్రంలో ముంచిన పరీక్ష స్ట్రిప్ మాత్రం ‘ఓపియేట్లు లేవు’ అంది. ఇంకేముంది, అమ్ముకుంటున్నాడు! రోగి చొక్కా జరిపి ప్యాచ్ చూపించాడు. డాక్టరు ప్యాచ్ వంక చూశారు, రిపోర్టు వంక చూశారు. భుజం అబద్ధమాడొచ్చు గానీ రిపోర్టు ఆడదుగా. ఆ మామూలు స్ట్రిప్ వెతికేది ఓపియేట్ల కోసం, అంటే గసగసాల మొక్క నుంచి వచ్చే మార్ఫిన్, కోడీన్‌ల కోసం. ఫెంటనిల్ అణువు తీరే వేరు, దాన్ని ఆ స్ట్రిప్ గుర్తుపట్టదు. మెథడోన్ అనే మరో ఓపియాయిడ్‌దీ అదే కథ, విడిగా పరీక్ష అడగాలి. మరోపక్క గసగసాలు తిన్నవాళ్లూ, లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మింగినవాళ్లూ పాజిటివ్‌గా దొరికిపోవచ్చు. కోడీన్ వాడే మనిషి మూత్రంలో మార్ఫిన్ కనబడితే దొంగ దొరికాడని చంకలు గుద్దుకోవడం ఇంకో ముచ్చట. కోడీన్‌ని మార్ఫిన్‌గా మార్చింది కాలేయం. దాని చేత సంతకం పెట్టించడం మరిచారు. ఏ మందో కచ్చితంగా తేల్చే ల్యాబ్ పరీక్ష మాస్ స్పెక్ట్రోమెట్రీతో ఖాయం చేసుకోవచ్చు, కనీసం ల్యాబ్‌కి ఫోన్ చేయొచ్చు.

ఫోనెందుకు, చివరి షరతు ఉందిగా: ‘ఉల్లంఘించినచో మందు నిలిపివేయబడును.’ ఏళ్ల తరబడి వాడుతున్న మనిషికి, ఒక్కరోజులో! నెలకు 10 శాతమో, ఇంకా నెమ్మదిగానో తగ్గిస్తే తట్టుకోగలరని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో రాసింది. ఉన్నట్టుండి ఆపితే చెమటలు, వాంతులు, విరేచనాలు, వాటి నెత్తిన పాత నొప్పి. ఆత్మహత్యల దాకా పోతోందని అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లోనే హెచ్చరించింది. దీన్ని జాగ్రత్త అనడానికి నోరెలా వస్తుంది? పరీక్ష చదవడం రానిది డాక్టరుకి, ఒళ్లు హూనమయ్యేది రోగికి! నిజంగానే మందుకు బానిసైతే ఆ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ రాయండి, రాయలేకపోతే రాసేవాళ్ల దగ్గరికి పంపండి. వీధిలోకి గెంటితే అక్కడ కొనే మాత్రలో ఏం కలిసిందో దేవుడికే తెలియాలి.

అన్నట్టు, ఆ ప్యాచ్ ఇంకా భుజం మీదే ఉంది. వాడేసిన ప్యాచ్‌లో కూడా పసిబిడ్డ ప్రాణం తీసేంత మందు మిగులుతుంది. దాన్ని ఎలా పారెయ్యాలో ఒప్పందంలో రాయలేదు.