సవరణ: కలివికోడిని మళ్లీ కనిపెట్టింది సలీం అలీ కాదు

కలివికోడి అనే అరుదైన పిట్టను 1986లో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ మళ్లీ కనిపెట్టారని మొన్న రాశాను. అది తప్పు. ఆ ఏడాది జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దాని ఉనికిని నిర్ధారించింది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్. సలీం అలీ ఆ సంస్థ పెద్ద దిక్కు కాబట్టి పేరు అటు పోయింది, పొరపాటు మాత్రం నాదే. 1900 తర్వాత అప్పటిదాకా శాస్త్రవేత్తలెవరికీ కనపడని పిట్ట అది. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరుగుతుంది. పక్షి బొమ్మలు చూపిస్తూ ఊళ్లలో వాకబు చేస్తేనే ఆచూకీ దొరికింది, చివరికి రాత్రిపూట టార్చిలైటు వెలుగులో పట్టుకున్నది కూడా స్థానిక వేటగాడే. అసలు ఆ వేటగాడి గురించే ముందు రాయాల్సింది. ఈ పిట్ట కోసం కడప జిల్లాలో లంకమల అభయారణ్యం ఏర్పడింది ఆ తర్వాతే.