స్లో కుక్కరు, నలభై నిమిషాలు

మా బావ అమెరికా నుంచి వస్తా వస్తా సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మరీ ఒక స్లో కుక్కరు మోసుకొచ్చినాడు. నల్లటి పింగాణీ కుండ, గాజు మూత. పొద్దున పంది పక్కటెముకలు పెట్టి 'లో'లో తిప్పితే ఎనిమిది గంటలు దాని జోలికి పోనక్కర్లేదంట. 'హై'లో అయితే నాలుగు. మూత తీసి తొంగి చూస్తే మాత్రం వేడంతా పోయి ఇంకాస్త ఆలస్యం.

"ఎనిమిది గంటలుంటే మద్రాసుకు పోయి, పెండ్లిలో భోంచేసి, తిరిగొచ్చి పండుకోవచ్చు గదరా" అనింది అవ్వ.

ఆదివారం రాత్రికి బావను, అక్కను భోజనానికి పిలిచినా. శనివారం మా ఇంట్లో సియ్యల మాటెత్తితే అవ్వ వెంకన్న పటం వైపు చూసి లెంపలేసుకుంటుంది కాబట్టి ఆదివారం తెల్లవారగానే అంగడికి పరిగెత్తినా. పక్కటెముకలు కొట్టకుండా పలక పలకగానే కావాలని అడిగితే కొట్టాయన కత్తి పైకెత్తి అట్లే ఆగిపోయినాడు.

"కొట్టకుండానా? ఇంట్లో కత్తి ఉండాదా సామీ?"

"కొట్టేదే లేదన్నా. ఉడికినాక ఎముక దానంతట అదే ఊడొస్తాది."

ఆయన నన్ను కాసేపు చూసి, పక్కనున్న పిల్లోడితో "కవర్లో పెట్టియ్యి, పాపం" అన్నాడు. ఆ పాపం ఎవరికో అప్పుడు తెలియలేదు.

ఎముకల వెనక సన్నటి పొర ఉంటుంది. అది తీయకపోతే ఎంత ఉడికినా రబ్బరే. వేళ్లతో పడితే జారిపోతుంది. పాత తువ్వాలుతో గట్టిగా పట్టి లాగితే సర్రుమని వచ్చేసింది. ఆ రోజు నేను సక్రమంగా చేసిన పని అదొక్కటే. బ్రౌన్ షుగర్ వెయ్యాలంట. చిత్తూరులో పుట్టి బెల్లానికి బదులు ఇంకేదో వెతుక్కుంటానా? అరచేతంత అచ్చు దంచి, కెచప్పు, వెనిగరు, వెల్లుల్లి, మిరప్పొడి కలిపి, తోతాపురి గుజ్జు రెండు గరిటెలు పోసి, ఎముకలకు పట్టించినా.

ప్లగ్గు చూస్తే బల్లపరుపు కాళ్లది, మన సాకెట్టులో దూరదు. యాభై రూపాయలిచ్చి అడాప్టరు తెచ్చినా. దూరింది. దూరితే చాలనుకునే రకం నేను.

పావుగంటకే కుండ కుతకుతలాడింది. అరగంటకు మూత ఎగిరెగిరి పడతా ఉంటే, "చూసినారా, మన కరెంటు ముందర ఏ స్లో నిలబడదు" అని కాలరెగరేసినా. నలభయ్యో నిమిషంలో టప్ మనింది. ఫ్యాన్లు ఆగిపోయినాయి. మాడిన బెల్లం వాసన వీధి చివరి దాకా పోయింది.

కుండ తీసేసి మా వాడు కుక్కరును బోర్లించి చదివినాడు: 120 వోల్టులు.

"మనది 230 నాన్నా. వోల్టేజి రెండింతలైతే వేడి నాలుగింతలు. పదో తరగతి పాఠమే."

"ముందే చెప్పి చావచ్చు గదరా?"

"నువ్వు అడాప్టరు చూపించి సైన్సంటే ఇదీ అన్నావు గదా."

అవ్వ ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయమేసింది. మాడిన అడుగు వదిలేసి పైవన్నీ ఏరింది, మచ్చుకత్తితో ముక్కలు కొట్టింది, అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాలు నూరేసి ప్రెషర్ కుక్కర్లో పెట్టింది. విజిల్ మీద విజిల్ వేసి అది పని కానిచ్చింది. మా ఆవిడ చచ్చిన కుక్కరును మంచం కిందికి తోసి దుప్పటి కిందికి లాగింది.

రాత్రి సంగటి ముద్దలో గుంట చేసి పులుసు పోస్తే బావ కళ్లు మూసుకుని నమిలినాడు. "ఎముక ఎట్లా ఊడొస్తా ఉండాదో చూడండి! స్లో కుక్కరంటే ఇదీ. ఎనిమిది గంటలూ పెట్టినారా?"

"పొద్దున్నుంచీ దాని కాడే ఉండాం నాయనా" అనింది అవ్వ. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

బావ ఎడమచేత్తో ఫోను ఛార్జింగు పెట్టబోయి సాకెట్టు దగ్గర ఆగినాడు. "ఈ అడాప్టరు బాగుండాదే. కుక్కరుకు దీన్నే పెట్టినావా? మరి ట్రాన్స్‌ఫార్మరేదీ?"

మా వాడు నోరు తెరిచినాడు.

"వాడి నోట్లో సంగటి పెట్టవే" అనింది అవ్వ మా ఆవిడతో, "అట్లే అల్లుడికి ఇంకో ముద్ద వెయ్యి."