ఎస్‌జీపీటీ పెరిగిందని హెచ్‌ఐవీ మాత్రలు ఆపకండి

“హెచ్‌ఐవీ మాత్రలు కాలేయాన్ని తినేస్తాయి. ఎస్‌జీపీటీ పెరగడమే అందుకు రుజువు. 40 లోపు ఉంటే కాలేయానికి ఢోకా లేదు. పెరిగితే మాత్రలు ఆపి పసరు తాగండి.” ఫోన్లలో చేతులు మారుతున్న మాట ఇది. ఇందులో కొన్ని వట్టి పొరపాట్లు, చివరిది మాత్రం ప్రాణం తీసే సలహా.

మొదట ఆ రుజువు సంగతి. ఎస్‌జీపీటీ కాలేయ కణాల లోపల ఉండే ఎంజైము. కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. దెబ్బ తగిలిందని చెబుతుంది తప్ప, కొట్టిందెవరో చెప్పదు. హెపటైటిస్ బి, సి, మద్యం, కాలేయంలో పేరుకున్న కొవ్వు, క్షయకు వాడే ఐసోనియాజిడ్, పిరజినమైడ్ వంటి మందులు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. హెచ్‌ఐవీ కూడా కావచ్చు. అది పేగు గోడలోని సీడీ4 అనే రోగనిరోధక కణాలను తొలి వారాల్లోనే నాశనం చేస్తుంది. బలహీనపడిన గోడ దాటి వచ్చిన సూక్ష్మజీవుల శకలాలు నేరుగా కాలేయానికే చేరి వాపు పుట్టిస్తాయి. ఇక ఎస్‌జీపీటీతో పాటు చూసే మరో ఎంజైము ఎస్‌జీఓటీ కండరాల్లోనూ ఉంటుంది. ముందురోజు బస్తాలు మోసినా పెరగవచ్చు.

మందుల మీద భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. నెవిరపిన్ అనే పాత హెచ్‌ఐవీ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి, ముఖ్యంగా సీడీ4 కణాల సంఖ్య 250 దాటిన స్త్రీలకు, తీవ్రమైన కాలేయ వాపు వచ్చేది. డిడనోసిన్, స్టావుడిన్ అనే పాత మందులు కూడా కాలేయానికి చేటు చేశాయి. ఇప్పుడు మన ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రాల్లో ఎక్కువమందికి ఇస్తున్నది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర. పాత మందుల పాపం దీనికి అంటగట్టడం అన్యాయం.

“40 లోపు ఉంటే ఢోకా లేదు” అన్న మాట నన్ను ఇంకా కలవరపెడుతుంది, ఎందుకంటే ఇది ధైర్యం చెబుతున్నట్టు వినిపిస్తుంది. ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడిన కాలేయంలో ఎంజైములు మామూలుగానే ఉండవచ్చు. కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేసే ఫిబ్-4 అనే లెక్క 2006లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి రెండూ ఉన్నవారి రక్తపరీక్షల నుంచే పుట్టింది. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలల్లో) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించగా వచ్చిన దానితో భాగించాలి. 50 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 38, ఎస్‌జీపీటీ 25, ప్లేట్‌లెట్లు 95 వేలు అనుకుందాం. ఎంజైములు రెండూ 40 లోపే. లెక్క మాత్రం 4 వస్తుంది. 3.25 దాటితే కాలేయం బాగా గట్టిపడి ఉండవచ్చని అనుమానించాలి. అదే 28 ఏళ్ల వ్యక్తికి ఎస్‌జీఓటీ 80, ఎస్‌జీపీటీ 100, ప్లేట్‌లెట్లు 2.8 లక్షలు ఉంటే 0.8 వస్తుంది. ఎంజైములు రెండింతలైనా, మచ్చకట్టిన ఆనవాలు తక్కువ. ఈ లెక్కతోనే తీర్పు ఇవ్వకూడదు. హెచ్‌ఐవీ వల్లా, డెంగీ వల్లా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి కాబట్టి స్కాన్‌తో సరిచూసుకోవాలి.

కళ్లు పచ్చబడితే కాలేయం పోయిందనీ అంటారు. అటజనవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవారిలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని మార్చే ఎంజైము మందగించి పచ్చదనం రావచ్చు. అది కాలేయ కణాలు చనిపోవడం కాదు. ఏదన్నది డాక్టరే తేల్చాలి.

ఇక “మాత్రలు ఆపండి” అన్న సలహా. హెచ్‌ఐవీ ఉన్న 5,472 మందితో, మందులు ఆపకుండా వాడటాన్నీ విరామాలిస్తూ వాడటాన్నీ పోల్చిన స్మార్ట్ అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. విరామాలిస్తూ మందులు వాడినవారిలో మరణాలు, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు వచ్చే అవకాశవాద జబ్బులే కాక, గుండె, మూత్రపిండాలు, కాలేయానికి సంబంధించిన తీవ్ర సమస్యలు కూడా పెరిగాయి. హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి ముప్పు మరింత దగ్గర. టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నూ అణచి ఉంచుతాయి. హఠాత్తుగా ఆపితే అది విజృంభించి కాలేయమే విఫలం కావచ్చు.

పసరులో ఏముందో, ఎంత ఉందో తాగేవారికి తెలియదు. ఇప్పటికే తాగుతుంటే డాక్టరుకు దాచకండి. వాంతులు, ముదురు రంగు మూత్రం, పచ్చని కళ్లు కనిపిస్తే ఆ రోజే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లండి. ఏ మందు ఆపాలో, ఏది మార్చాలో అక్కడే నిర్ణయిస్తారు. హెపటైటిస్ బి పరీక్ష ఎప్పుడు చేశారో కూడా ఆ రోజే అడగండి.