నైవాషా ఒడ్డున టెంట్: ఆ ఫార్వర్డ్ నమ్మి వెళ్లకండి

"కెన్యా వెళ్తున్నారా? లాడ్జికి డబ్బులు దండగ. నైవాషా సరస్సు ఒడ్డున, నీళ్లకు వీలైనంత దగ్గరగా టెంట్ వేసుకోండి. హిప్పోలు గడ్డి తినే సాధు జంతువులు. మంట వేస్తే ఏ జంతువూ రాదు. మొసళ్లు కూడా లేవు, హాయిగా ఈదొచ్చు." వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. టెంట్ వద్దని నేననను. నైవాషా వెళ్తే టెంట్‌లో ఉంటేనే మజా. కానీ ఈ సలహాలు పట్టుకుని మాత్రం కాదు.

హిప్పో గడ్డే తింటుంది, నిజమే. రాత్రికి దాదాపు 40 కిలోలు మేస్తుంది. చిక్కంతా అందులోనే ఉంది. ఎండకు చర్మం తట్టుకోలేక పగలంతా నీళ్లలో ఉండి, చీకటి పడ్డాక మేతకు ఒడ్డెక్కుతుంది. తెల్లారేలోపు మళ్లీ నీళ్లు చేరాలి. దానికీ నీళ్లకూ మధ్య మీరున్నారో, ఇక అంతే. టన్నున్నర బరువు, గంటకు 30 కిలోమీటర్ల పరుగు, అర మీటరు దాకా పెరిగే కోరలు. గడ్డి తినేవన్నీ సాధువులే అనేవాళ్లు ఈనిన గేదె దగ్గరికి వెళ్లి దూడను ముట్టుకుని చూడాలి. 2018 ఆగస్టులో ఇదే సరస్సు ఒడ్డున ఫొటోలు తీస్తున్న తైవాన్ పర్యాటకుడు హిప్పో దాడిలో చనిపోయాడు. అదే రోజు దగ్గర్లోనే ఒక స్థానిక జాలరి కూడా.

ఇక "నీళ్లకు దగ్గరగా" అన్న మాట. ఒడ్డున గడ్డిలో అరిగిన బాట ఒకటి కనిపిస్తుంది: రెండు పక్కలా గాడులు, మధ్యలో సన్నటి గట్టు. నీళ్లకు దారి భలే దొరికిందనిపిస్తుంది. అది హిప్పోలు నడిచే దారి. పక్క పొదల మీద పేడ చిమ్మి ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు, తోకతో అలా విసరడం వాటి అలవాటు. అందుకే అక్కడి క్యాంపుల్లో తక్కువ ఎత్తులో కరెంటు తీగ కట్టి, సాయంత్రం ఆన్ చేస్తారు. హిప్పో కాళ్లు పొట్టివి కాబట్టి అది చాలు. టెంట్ తీగకు లోపలే వేయాలి, చీకట్లో తీగ దాటకూడదు. పాత ఫొటోలు చూపించి "ఫలానా చెట్టు కింద" అనే సలహాలూ నమ్మకండి. 2020 ప్రాంతంలో సరస్సు పొంగి ఒడ్డు చాలా మేర మునిగింది.

మంట సంగతి చరిత్రే చెబుతుంది. 1898లో ఇదే దేశంలోని త్సావోలో, రైలు మార్గం వేయడానికి మన దేశం నుంచి వెళ్లిన కూలీలు ముళ్లకంప చుట్టూ పేర్చి, మంటలు వేసుకుని పడుకునేవారు. అయినా సింహాలు లోపలికి దూరి మనుషుల్ని ఈడ్చుకెళ్లాయి. చలికి మంట వేసుకోండి, దాన్నే కంచె అనుకోకండి.

మొసళ్లు లేవన్నది నిజం. అంతమాత్రాన ఈదొద్దు. హిప్పో అయిదు నిమిషాల దాకా మునిగి ఉండగలదు, పైకి వచ్చేదాకా ఎక్కడుందో కనిపించదు.

ఆ ఫార్వర్డ్ రాసినాయన కోతుల సంగతి పూర్తిగా మరిచిపోయాడు. క్యాంపులో రోజూ ఇబ్బంది పెట్టేవి అవే. టెంట్ జిప్ వాటికి ఒక లెక్కే కాదు. ఇంటి నుంచి మోసుకెళ్లిన పులిహోర, అరటిపళ్లు కారులో పెట్టి తాళం వేయండి.