మహారాజశ్రీ ట్రేస్ క్లాక్ గారికి

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఆస్థాన కాలజ్ఞులు, ట్రేస్‌కు సమయముద్రలు వేసే గడియారాన్ని ఎంచే ఫైలు, శ్రీ ట్రేస్ క్లాక్ గారి దివ్యసముఖానికి,

నిన్న మధ్యాహ్నం తమరు చేసిన ఉపకారానికి ధన్యవాదాలు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఎన్నాళ్లుగానో ముఖం చాటేస్తున్న బగ్ ఎట్టకేలకు ట్రేస్‌లో, అంటే కెర్నల్‌లో జరిగేవి సమయంతో సహా నమోదయ్యే చిట్టాలో, చిక్కింది. రెండు సాకెట్ల (రెండు ప్రాసెసర్ చిప్‌ల) పాత సర్వర్ అది. తెరిచి చూస్తే, ఒక థ్రెడ్‌ను (ప్రోగ్రామ్‌లోని ఒక పనిపాయను) నిద్ర లేపిన వరుస కింద ఉంది, ఆ థ్రెడ్ మరో సీపీయూ మీద పనిలోకి దిగిన వరుస పైన ఉంది. లేపకముందే లేచే బుద్ధిమంతులు మా ఇంట్లో లేరు, మీ ‘లోకల్’ గారి ఏలుబడిలో ఉన్నారు. అడగకుండానే వచ్చి కూర్చునే గడియారం ఆయనే. వేగం మెండు, పక్క సీపీయూతో పొంతనకు మాత్రం పూచీ లేదు. సరే, ఆ బేరం నాకు తెలిసిందే.

ఇకమీదటైనా వరుస కుదరాలని, ఉన్న ట్రేస్‌ను స్నాప్‌షాట్‌గా (కెర్నల్ జ్ఞాపకంలోనే వేరే చోట) పక్కన పెట్టి, మీ ఫైలులోకి ‘గ్లోబల్’ (సీపీయూలన్నిటికీ పొంతన కుదిర్చే గడియారం) అని ఎకో చేశాను, అంటే రాశాను. మీరు కిక్కురుమనలేదు. ఎంపికైన గడియారాన్ని చూపే చదరపు బ్రాకెట్లు లోకల్‌ను వదిలి గ్లోబల్ చుట్టూ చేరాయి, అంతే. ట్రేస్ తెరిస్తే తలకట్టులో 0/0. బఫర్‌లో (ట్రేస్ నిలవుండే జ్ఞాపకంలో) ఉన్నవి సున్నా, రాసినవి సున్నా.

ముహూర్తం మార్చమంటే పెళ్లికూతురినే సాగనంపారు!

రెండు గడియారాల ముద్రలు ఒకే బఫర్‌లో కలిస్తే గందరగోళమేనంటారు. ఒప్పుకుంటాను. మరి స్నాప్‌షాట్? దాన్ని దాచుకున్నదే ఇలాంటి రోజు కోసం కదా! అదీ తుడిచేశారు. గడియారం మారిస్తే రెండూ చెరుగుతాయని డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం ఉందట, ఉంటుంది. ఫైలులోకి కాపీ చేసుకోవలసింది అని మాత్రం అనకండి. మాట్లాడటం రాదా అంటే, మీ కెర్నల్‌కు బ్రహ్మాండంగా వచ్చు. సస్పెండ్ నుంచి లేచాక సమయాల మధ్య తేడా మరీ పెద్దదైతే, గ్లోబల్‌కు మారండి అంటూ టైపు చేయవలసిన ఆదేశంతో సహా హెచ్చరిక ముద్రిస్తుంది. ఆ సలహా పాటిస్తే చేతిలో ఉన్నది పోతుందని మాత్రం అందులో ఉండదు.

మీ పరివారంలోని మిగతా గడియారాల సంగతి ఎత్తను. ‘కౌంటర్’ గారు అసలు గడియారమే కాదు, ఒకటొకటిగా లెక్కపెడతారు. (సీపీయూల మధ్య వరుస మాత్రం ఆయన తప్పరు, అది వేరే విషయం.) ‘అప్‌టైమ్’ గారు జిఫీల్లో (కెర్నల్ టిక్కుల్లో) నడుస్తారు, హెచ్‌జెడ్ (సెకనుకు టిక్కుల సంఖ్య) 250 ఉన్నచోట 4 మిల్లీసెకన్లకో అడుగు. ‘టాయ్’ గారు (అంతర్జాతీయ అణు సమయం, టీఏఐ) యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కన్నా 37 సెకన్లు ముందుంటారు.

బఫర్ ఖాళీగా లేనప్పుడు ‘బిజీ’ అని ఒక్క ఎర్రర్ తిప్పికొడితే మీ సొమ్మేం పోయింది? అడక్కుండా చెరిపే అధికారం మీకెవరిచ్చారు? నేను రూటునే (సర్వాధికారాలున్న యూజర్‌నే), నిజమే. గడియారం మార్చడానికి రూటును, నా పని చెరిపించుకోవడానికి కాదు!

బూట్ కమాండ్ లైన్‌లోనే ‘గ్లోబల్’ అని రాసేశాను, ఇక మీ ఫైలు గడప తొక్కను. సర్వర్ తిరిగి లేచింది, ట్రేస్ నడుస్తోంది. బగ్ మాత్రం ఇంకా రాలేదు.

ఇట్లు,
మీ రూటు