పానకంలో అగ్నిపర్వతం

మంగళగిరి కొండ అసలు అగ్నిపర్వతమట. అది పేలకుండా మన పూర్వీకులు కొండమీది గుడిలోని పానకాలస్వామి, అంటే నరసింహస్వామి, నోట్లో పానకం పోసే ఆచారం పెట్టారట. లోపలి గంధకాన్ని బెల్లం విరిచేస్తుందని ‘శాస్త్రవేత్తలు’ తేల్చారట. ఏ శాస్త్రవేత్తలో, ఎప్పుడు తేల్చారో ఆ వాట్సాప్ సందేశంలో ఉండదు. ‘గర్వంగా షేర్ చేయండి’ అన్న తాఖీదు మాత్రం ఉంటుంది.

ఇంతటి విద్య మన చేతిలో ఉండగా ప్రభుత్వాలు నిద్రపోవడం అన్యాయం. దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం అండమాన్‌లోని బ్యారన్ దీవిలో ఉంది. తక్షణం అనకాపల్లి బెల్లం దిమ్మలు విశాఖ రేవుకు చేర్చాలి. ఓడలోనే యాలకులు, మిరియాలు దంచాలి. మిరియాలు కచ్చాపచ్చాగానా, మెత్తగానా అన్నది తేల్చడానికి ఒక ఉపసంఘం వేయాలి. పర్వతం అంచున నిలబడి, మంగళగిరి గుళ్లోలాగే శంఖంతో పోస్తూ, గుటక వినపడగానే ఆపేయాలి. స్వామి సగమే తాగి సగం వదిలేస్తాడు కదా, బిందె ఎంత పెద్దదైనా! కాబట్టి మిగతా సగం నావికాదళానికి ప్రసాదం. ‘మంట ఆర్పడానికి తెచ్చిన సరుకులో సగం వెనక్కెందుకు వచ్చింది?’ అని ఆడిట్ వారు అడిగితే, ‘పర్వతం మర్యాదస్థురాలు’ అని ఫైల్లో రాస్తే సరి.

ఇంకో చిక్కుంది. కొండమీది గుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, రాత్రి పూజ దేవతలదని నమ్మకం. అంటే లావాకు నైట్ డ్యూటీ దేవతలు చేస్తున్నారన్నమాట. పానకం ఒలికిన చోట చీమలు చేరవని చెప్పుకుంటారు కదా, దానికీ గంధకం పొగే కారణమట. చీమను తరిమే పొగ, అదే గర్భగుడిలో గంటల తరబడి నిలబడే అర్చకుణ్ణి మాత్రం ఏమీ అనదు!

ఆ కొండ తూర్పు కనుమల రాయి. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపం మారిన శిల, వయసు వంద కోట్ల ఏళ్లు పైమాటే. పైన లావా కక్కిన బిలమూ లేదు, కింద పేలడానికి కాచుకున్నదీ లేదు. ఉన్నా, చక్కెర నీళ్లు గంధకాన్ని విరవవు. పదో తరగతి రసాయన శాస్త్రం చాలు ఇది తెలియడానికి.

సైన్సును వెక్కిరిస్తే సైన్సు ఓర్చుకుంటుంది. ఒళ్లు మండేది స్థలపురాణానికి పట్టించిన గతి చూసి. తడిదానితోనూ పొడిదానితోనూ చావు లేకుండా వరం పొందిన నముచి, ఆ రెండూ కాని సముద్రపు నురగలో ముంచి పంపిన సుదర్శన చక్రం, రాక్షసుడు పోయాక కూడా చల్లారని స్వామి ఉగ్రం, దాన్ని శాంతింపజేయడానికి దేవతలు ఇచ్చిన అమృతం! కృతయుగంలో అమృతం, త్రేతాయుగంలో నెయ్యి, ద్వాపరంలో పాలు. కలియుగంలో మనుషుల తాహతు చూసి బెల్లం నీళ్లతో సరిపెట్టుకున్నాడు. ఎంత దయ ఉంది ఆ మెట్టు దిగడంలో! పేదవాడి చేతి బిందెడు పానకం అమృతంతో సమానమని చెప్పిన కథ అది. దాన్ని చెరిపేసి ఫైరింజన్ కథ రాశారు కదరా! మీ భక్తికి పురాణం చాలలేదా? సైంటిస్టు సంతకం లేకపోతే స్వామి మీద నమ్మకం కుదరదా? అదీ దొంగ సంతకం!

గర్వపడటానికి ఏదో ఒకటి కావాలంటే కొండ కింద గుడి ముందు నిలబడి తలెత్తితే చాలు. 1807-09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన పదకొండు అంతస్తుల గోపురం, 153 అడుగులు. దాన్ని ఎవడూ ఫార్వర్డ్ చేయడు, నిజం కాబట్టి.

ఈసారి ఆ సందేశం పంపిన బాబాయిని నముచి ఎవరో అడగండి. నీళ్లు నమిలితే మెట్లదారి చూపించండి. ఘాట్ రోడ్డు వద్దు. పొద్దున్నే బయల్దేరమనండి, ఆలస్యమైతే తలుపులు మూసేస్తారు.